సొలొమోను పాట: తిరగపాడిన గొంతులు, చెరిగిన పేరు

మా సంక్షేమ హాస్టల్లో ఒకే ఒక టీవీ ఉండేది. ఒక ఆదివారం అందులో 'లయన్ కింగ్' సినిమా వేశారు. ఒక అడవిపంది, ముంగిసలాంటి ఇంకో జంతువు అడవిలో నడుచుకుంటా ఒక పాట ఎత్తుకుంటాయి. మాటలు ఒక్కటీ మాకు అర్థం కాలేదు. కానీ ఆ వరస మాత్రం పట్టుకున్నాం. వారం రోజులు బోరింగు దగ్గర కంచాలు కడుక్కుంటా అదే పాట. ఇది ఎవరు కట్టిన పాట అని మాలో ఏ ఒక్కడికీ తోచలేదు. సినిమావాళ్ళదే అనుకున్నాం.

యూనివర్సిటీకొచ్చి పాటల చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసింది. ఆ వరస కట్టినవాడు దక్షిణాఫ్రికాలో ఒక జులు కూలీ. పేరు సాలమన్ లిండా. మా పేటలో అయితే సొలొమోను అంటాం. మా పేటలో ఇద్దరు సొలొమోనులు ఉండేవాళ్ళు, ఒకాయన డప్పు, ఒకాయన గుడిలో కీర్తనలు. బహుశా ఆ పేరు వల్లనేనేమో ఈ మనిషి కథ నన్ను వదల్లేదు.

ఒక పాటని వేరేవాళ్ళు మళ్ళీ పాడి రికార్డు చేస్తే సంగీత వ్యాపారంలో దాన్ని కవర్ వెర్షన్ అంటారు. పాటకి ఎక్కువ కాలం బతుకునిచ్చేది ఇదే. లిండా పాటని ఇప్పటికి వంద మందికి పైగా గాయకులు తిరగపాడారు. 1939లో పుట్టిన పాట ఇంకా బతికే ఉంది. మరి ప్రతిసారీ బతికిందెవరు, చచ్చిందెవరు అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

ఎవరీ సొలొమోను

లిండా 1909లో నటాల్ ప్రాంతంలోని మ్సింగాలో పుట్టాడు. అది నల్లవాళ్ళకని కేటాయించిన రిజర్వు. 1913 భూమి చట్టం దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళకి మిగిల్చింది దాదాపు 7 శాతం భూమి. మిగతాదంతా తెల్లవాళ్ళది. చట్టం పేరుతో దేశాన్నే ఊరుగా, వెలివాడగా చీల్చారన్నమాట. రిజర్వులో బతుకు గడవక మగవాళ్ళు గనులకీ పట్నాలకీ వలసపోయేవాళ్ళు. లిండా చిన్నప్పుడు పశువులు కాశాడు, మిషన్ బడిలో చదివాడు. 1931లో జొహానెస్‌బర్గ్ చేరి ఫర్నిచర్ దుకాణంలోనూ, తరవాత హోటల్లోనూ పనిచేశాడు.

పగలు కూలి, రాత్రి పాట. వలస కూలీల హాస్టళ్ళలో శనివారం రాత్రిళ్ళు పాటల బృందాలు పోటీపడేవి. లిండా బృందం పేరు ఈవినింగ్ బర్డ్స్. చారల సూట్లు వేసుకుని పాడేవాళ్ళు. వాయిద్యం లేదు, గొంతులే. కింద కొన్ని మంద్ర గొంతులు ఒక్క తీరున నడుస్తుంటే పైన లిండా సన్నని గొంతు తేలుతుంది. 1939లో గాలో కంపెనీ స్టూడియోలో వీళ్ళు 'ఎంబూబె' అనే పాట రికార్డు చేశారు. జులు భాషలో ఎంబూబె అంటే సింహం. మూడోసారి పాడేటప్పుడు, చివరికొచ్చాక లిండా అప్పటికప్పుడు గొంతెత్తి ఒక వరస అల్లాడు. కొద్ది క్షణాల వరస. మేం కంచాలు కడుక్కుంటా పాడింది అదే.

1940ల చివరికి ఆ రికార్డు లక్ష దాకా అమ్ముడుపోయింది. ఆ తరహా పాటకే ఎంబూబె అని పేరు స్థిరపడింది. అంటే ఈ మనిషి కట్టింది ఒక్క పాటే కాదు, ఒక పాట పద్ధతిని నిలబెట్టాడు. దాని కొనసాగింపే తరవాత లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందం ద్వారా ప్రపంచమంతా విన్న ఇసికతమియ. మరి లిండాకి దక్కిందేమిటి? పాట మీది హక్కులు 10 షిల్లింగులకి కంపెనీకి పోయాయి. అదే కంపెనీలో రికార్డులు ప్యాక్ చేసే పని ఇచ్చారు. తన పాటని తనే అట్టపెట్టెల్లో కట్టే కూలి.

ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకి

అమెరికాలో జానపద పాటలు సేకరించే ఆలన్ లోమాక్స్ చేతికి ఆ రికార్డు చేరింది. ఆయన దాన్ని పీట్ సీగర్‌కి ఇచ్చాడు. సీగర్ వామపక్షవాది, కార్మికుల పక్షాన, జాతి వివక్షకి వ్యతిరేకంగా జీవితమంతా పాడినవాడు. అది గుర్తుంచుకోవాలి. సీగర్ రికార్డు విని రాసుకునేటప్పుడు 'నువ్వు సింహానివి' అనే అర్థమిచ్చే జులు మాట ఆయన చెవికి వేరేగా పడింది. అలా పాట 'విమొవే' అయింది. ఆయన బృందం వీవర్స్ 1951లో రికార్డు చేస్తే 1952లో అది అమెరికాలో బాగా ఆడింది. అదే కాలంలో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి వీవర్స్‌ని నల్లజాబితాలో పెట్టారు.

పాట మాత్రం ఆగలేదు. 1960లో మిరియం మకేబా దాన్ని జులులోనే, ఎంబూబెగానే పాడింది. 1961లో టోకెన్స్ అనే తెల్ల కుర్రాళ్ళ బృందానికి జార్జ్ డేవిడ్ వైస్ కొత్తగా ఇంగ్లీషు మాటలు రాసిచ్చాడు. లిండా చివర్లో అల్లిన వరసే ఆ పాటకి ప్రాణమైంది. పేరు 'ది లయన్ స్లీప్స్ టునైట్'. 1961 డిసెంబరులో అమెరికాలో అదే మొదటి స్థానం. 1962లో కార్ల్ డెన్వర్, 1972లో రాబర్ట్ జాన్, 1982లో బ్రిటన్‌లో మొదటి స్థానానికెక్కిన టైట్ ఫిట్, 1994లో లయన్ కింగ్.

ఈ వరసని జాగ్రత్తగా చూడండి. టోకెన్స్ లిండా దగ్గర నేర్చుకోలేదు, వీవర్స్ పాట విని నేర్చుకున్నారు. ఆ తరవాతి వాళ్ళలో చాలామంది టోకెన్స్‌ని విని పాడారు. ప్రతివాడూ తనకంటే ముందున్నవాడి పేరే విన్నాడు. మొదటివాడు ఒక్కో మెట్టూ కిందికి దిగిపోయాడు. చివరికి సింహం పాట డిస్నీ పాట అయింది.

1959లో లిండా వేదిక మీద పాడుతూ కుప్పకూలాడు. మూత్రపిండాలు చెడి 1962లో చనిపోయాడు. అప్పటికి అమెరికాలో తన పాట మొదటి స్థానం పొంది ఏడాది కూడా నిండలేదు. బ్యాంకులో ఉన్నది 25 డాలర్ల లోపే. ఆయన సమాధికి రాయి వేయడానికి ఇంటివాళ్ళకి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

'సంప్రదాయం' అనే మాట చేసిన పని

దొంగతనం అని ఒక్క మాటలో తేల్చేస్తే ఇందులో పనిచేసిన కీలు మనకి కనపడదు. 1939 నాటి రికార్డు మీద లిండా పేరు అచ్చయి ఉంది. పేరు దాచలేదు. కంటి ముందున్నా అది కర్త పేరుగా ఎవరికీ కనపడలేదు. ఆఫ్రికా నల్లవాడు పాడుతున్నాడంటే అది తెగ పాటే అయ్యుంటుంది, తాతలనాటిదే అయ్యుంటుంది, వీడు సొంతంగా కట్టడం ఏమిటి? అలా అది 'సంప్రదాయ గీతం' అయింది.

ఇక్కడే అసలు లెక్క ఉంది. సంప్రదాయం అంటే ఎవరిదీ కాదని అర్థం. ఎవరిదీ కాని దాన్ని 'కూర్చినవాడు' మాత్రం హక్కుదారు కావచ్చు. వీవర్స్ పాటకి కర్తగా రికార్డు మీద వేసిన పేరు పాల్ క్యాంప్‌బెల్. అలాంటి మనిషే లేడు, అది బృందం వాడుకున్న మారుపేరు. లేని తెల్లవాడికి కర్తృత్వం, ఉన్న నల్లవాడికి అనామకత్వం. కట్టినవాడికి అది ఉమ్మడి ఆస్తి, పట్టుకుపోయినవాడికి సొంత ఆస్తి.

సీగర్‌ని ఏమనాలి? పాట లిండాది అని తెలిశాక ఆయన వెయ్యి డాలర్లు పంపాడు, రాయల్టీ అతనికే వెళ్ళాలని ప్రచురణకర్తలకి చెప్పాడు. అయితే ఆ డబ్బు వెళ్తోందో లేదో పట్టించుకుని చూడలేదని తరవాత ఆయనే బాధపడ్డాడు. ఆయన మంచితనాన్ని నేను శంకించడం లేదు. కానీ మన పక్షాన నిలబడ్డ మిత్రుడు కూడా మన మనిషిని సమూహంగానే చూశాడు, కర్తగా చూడలేదు. వామపక్ష మిత్రులతో మన దళితుల అనుభవం ఎరిగినవాళ్ళకి దీన్ని ఎక్కువ విడమరచి చెప్పనక్కర్లేదు.

కోర్టు దాకా

2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా తెల్ల జర్నలిస్టు ఈ కథంతా తవ్వి రోలింగ్ స్టోన్ పత్రికలో రాశాడు. పాట సంపాదన కోటిన్నర డాలర్ల దాకా ఉంటుందని ఆయన అంచనా. లిండా కూతుళ్ళు అప్పటికి సొవెటోలో పేదరికంలో ఉన్నారు. ఒక కూతురు 2001లో ఎయిడ్స్‌తో చనిపోయింది.

ఒప్పందాల మీద లిండా సంతకం ఉంది, ఆయన భార్యా కూతుళ్ళ సంతకాలు కూడా ఉన్నాయి. మరి దారేది? ఓవెన్ డీన్ అనే లాయరు బ్రిటిష్ సామ్రాజ్యపు 1911 కాపీరైటు చట్టంలో ఒక నిబంధన పట్టుకున్నాడు. కర్త బతికుండగా హక్కులు అమ్ముకున్నా, చనిపోయిన 25 ఏళ్ళకి అవి వారసులకి తిరిగొస్తాయి. అంటే 1987 నుంచి సామ్రాజ్యపు దేశాల్లో పాట కుటుంబానిదే. 2004లో దావా వేసి, దక్షిణాఫ్రికాలో డిస్నీ ట్రేడ్‌మార్కులని జప్తు చేయించారు. అంత పెద్ద కంపెనీ అప్పుడుగానీ కదల్లేదు. 2006 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. పాట ఎంబూబె నుంచే పుట్టిందని ఒప్పుకున్నారు, లిండాని సహకర్తగా గుర్తించారు, గతానికి కొంత పరిహారం, ముందుకు రాయల్టీ, దానికొక ట్రస్టు ఏర్పాటయ్యాయి.

వలస పాలకుడి చట్టమే వలస బాధితుడికి ఆయుధమైంది. ఇంగ్లీషు చదువునీ చట్టాన్నీ అంబేద్కర్ ఎందుకంత గట్టిగా పట్టుకోమన్నాడో ఇలాంటిచోట తెలుస్తుంది. అయితే ఇంకో సంగతి కూడా దాచకుండా ఒప్పుకోవాలి. ఆ కవర్ వెర్షన్లే లేకపోతే మా హాస్టల్ దాకా ఈ వరస వచ్చేదే కాదు, అడగడానికి రాయల్టీ ఉండేదే కాదు. కాబట్టి ఎవరూ తిరగపాడొద్దని నేననడం లేదు. పాట ఊరేగాలి. ఊరేగేటప్పుడు పేరు కూడా వెంట నడవాలి.

మరి మన సంగతి

గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' (1979) సినిమాలో గద్దర్ పాడిన పాట మనందరికీ తెలుసు. దాన్ని కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. గద్దర్ గొంతులో విన్న చాలామంది ఇప్పటికీ అది గద్దర్ పాటే అనుకుంటారు. ఇక్కడ పాడినవాడు మనవాడే, ఎవరి సొమ్మూ తినలేదు. అయినా పేరు మరుగునపడింది. కారంచేడు (1985), చుండూరు (1991) తరవాత మన పేటల్లో పుట్టిన పాటలకి లెక్కలేదు. ఎన్నింటికి కర్త పేరు చెప్పగలం?

మా నాయన డప్పు మీద కొత్త దరువులు కట్టేవాడు. ఎవరైనా అడిగితే 'మా పెద్దోళ్ళది' అనేవాడు. తనది అని చెప్పుకునే అలవాటే ఆయనకి లేదు, అలా చెప్పుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. నేను రీసెర్చిలో చేరేనాటికి ఆయన లేడు. ఆయన దరువుల్లో ఏవి పెద్దోళ్ళవో ఏవి ఆయనవో ఇప్పుడు నేను తేల్చలేను. నా థీసిస్‌లో వాటిని 'సంప్రదాయ దరువులు' అని రాశాను. రాశాక ఆ మాట నన్నే గుచ్చింది.

అందుకని విద్యార్థులకీ, టీచర్లకీ, సంఘాల్లో పనిచేసేవాళ్ళకీ నాదొక మనవి. పేటకెళ్ళి పాట సేకరించినప్పుడు పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ రాయండి. ఎవరు కట్టారని అడగండి. 'పెద్దోళ్ళది' అంటే అక్కడితో ఆపేయకుండా ఏ పెద్దమ్మ, ఏ పెద్దయ్య అని ఇంకోసారి అడగండి. పేరు దొరక్కపోతే ఎవరెవరిని అడిగారో అదన్నా రాయండి. జానపదం అని రాసే ముందు ఈ పని చేయండి. పాడినవాళ్ళు మనల్ని విడిచిపోకముందే చేయండి.