స్నాప్ కార్డుతో కుకవుట్: మాంసం వస్తుంది, బొగ్గులు రావు

అమెరికాలో ఎండలు మొదలైతే చాలు, పార్కుల్లో కబాబ్ పొగ లేస్తుంది. మే చివర్లో మెమోరియల్ డే, జూలై 4, సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే. ఈ సెలవులకు నాలుగైదు కుటుంబాలు కలిసి ఆరుబయట మాంసం కాల్చుకుని తినడాన్ని అక్కడ కుకవుట్ అంటారు. అక్కడున్న మనవాళ్లు ఈద్ దావత్‌లు కూడా ఇలాగే పెట్టుకుంటున్నారు. ఆదాయం తక్కువున్న ఇంట్లో ఈ దావత్ ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం కార్డు పనికొస్తుందా? చాలావరకు పనికొస్తుంది. అయితే కౌంటర్ దగ్గర మాట పడకుండా ఉండాలంటే, అంతకంటే ముఖ్యంగా కార్డు పోగొట్టుకోకుండా ఉండాలంటే, కొన్ని సంగతులు ముందే తెలియాలి.

ఈ పథకం పేరు స్నాప్. 1964 చట్టంతో వచ్చిన ఫుడ్ స్టాంప్స్‌కే 2008లో ఈ పేరు పెట్టారు. పాతవాళ్లు ఇప్పటికీ ఫుడ్ స్టాంప్స్ అనే అంటారు. డబ్బు నెలనెలా ఈబీటీ అనే కార్డులో పడుతుంది. డెబిట్ కార్డులాగే గీకి పిన్ కొట్టాలి. మన రేషన్‌లా ఇన్ని కిలోల బియ్యం అని లెక్క ఉండదు, ఏ ఆహారం కొనుక్కోవాలో ఇంటివాళ్ల ఇష్టం. 2025 అక్టోబర్ నుంచి 2026 సెప్టెంబర్ వరకు నలుగురున్న ఇంటికి నెలకు గరిష్ఠంగా 994 డాలర్లు. అలాస్కా, హవాయిలకు లెక్క వేరు. సంపాదన ఉన్నకొద్దీ ఈ మొత్తం తగ్గుతుంది.

అసలు సూత్రం ఒక్కటే. ఇంటికి తీసుకెళ్లి తినే ఆహారమైతే కార్డు మీద వస్తుంది. తినే వస్తువు కాకపోయినా, కొనేటప్పటికే వేడిగా ఉన్నా రాదు. చికెన్, మటన్, కీమా, చేపలు, మసాలా పట్టించి పెట్టిన పచ్చి మాంసం, పెరుగు, నూనె, ఉప్పు కారం, అల్లం వెల్లుల్లి, ఉల్లిగడ్డ, నిమ్మకాయలు, ప్యాకెట్ నాన్, పుచ్చకాయ, చిప్స్, ఐస్‌క్రీమ్, కూలర్‌లో పోసే ఐస్ బ్యాగు అన్నీ వస్తాయి. బొగ్గులు, వాటిని అంటించే ద్రవం, గ్రిల్, సీకులు, అల్యూమినియం ఫాయిల్, పేపర్ ప్లేట్లు, గ్లాసులు, టిష్యూలు, సబ్బు రావు. అంటే వంటంతా కార్డు మీద వచ్చినా దాన్ని కాల్చే నిప్పు మాత్రం జేబులోంచి పెట్టుకోవాలి. బీరు, వైన్, సిగరెట్లకు ఎక్కడా చెల్లదు. మనకు దాంతో పని లేదనుకోండి.

వేడి వస్తువుల దగ్గరే చాలామంది తికమక పడతారు. గాజు పెట్టెలో తిరుగుతూ కాలుతున్న కోడి రాదు. అదే కోడిని చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి అమ్మితే వస్తుంది. వేడి సమోసా రాదు, ఫ్రోజన్ సమోసా వస్తుంది. కప్పులో పోసిచ్చే చాయ్ రాదు, చాయ్‌పత్తా వస్తుంది. బిర్యానీకీ ఇదే లెక్క. కాలిఫోర్నియా, అరిజోనా లాంటి కొన్ని రాష్ట్రాల్లో వృద్ధులకు, వికలాంగులకు, ఇల్లు లేనివాళ్లకు ఎంపిక చేసిన రెస్టారెంట్లలో వండిన భోజనం కొనుక్కునే వెసులుబాటు ఉంది. మిగతావాళ్లకు లేదు.

మన ఇళ్లకు అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చే విషయం బక్రీద్ దగ్గర వస్తుంది. స్నాప్ డబ్బుతో బతికున్న జంతువును కొనకూడదు. ఫార్మ్‌కు వెళ్లి మేకను చూసి, బేరమాడి, కార్డు గీకడం కుదరదు. కానీ నిబంధనలో ఒక మినహాయింపు ఉంది: మీరు దుకాణం నుంచి తీసుకెళ్లేలోపే జంతువును కోసేసి ఉంటే ఆ మాంసం చెల్లుతుంది. నీళ్లలోంచి తీసిన చేపలకు, రొయ్యలు పీతల లాంటి వాటికి కూడా మినహాయింపు ఉంది. హలాలా, జబీహానా అన్నది చట్టం అడగదు. చట్టం చూసేది ఆ దుకాణానికి స్నాప్ అనుమతి ఉందా లేదా అని మాత్రమే. చిన్న హలాల్ షాపులన్నింటికీ ఆ అనుమతి ఉండదు. తలుపు మీద ఈబీటీ బోర్డు ఉందో లేదో చూసి, ఖుర్బానీ ఆర్డర్ ఇచ్చే ముందే అడిగి తెలుసుకోండి. పండగ పొద్దున అడిగితే లాభం లేదు.

బిల్లు ఎలా పడుతుందో ఒక లెక్క చూద్దాం. మటన్ 42 డాలర్లు, చికెన్ 18, నాన్, పెరుగు, కూరగాయలు కలిపి 20, బొగ్గులు 12, ప్లేట్లు, ఫాయిల్ 8. మొత్తం 100. అన్నీ ఒకేసారి కౌంటర్ మీద పెట్టొచ్చు. ముందు ఈబీటీ గీకితే 80 డాలర్లు అందులోంచి పోతాయి, మిగిలిన 20 నగదుగానో వేరే కార్డుతోనో కట్టాలి. స్నాప్‌తో కొన్న వస్తువుల మీద సేల్స్ ట్యాక్స్ వేయకూడదు, కాబట్టి పన్ను పడితే ఆ 20 మీదే. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఆహారానికి కార్డు చెల్లుతుంది కానీ డెలివరీ ఛార్జీకి చెల్లదు.

కూల్‌డ్రింకుల సంగతి ఇప్పుడు రాష్ట్రాన్ని బట్టి మారుతోంది. 2025 మేలో నెబ్రాస్కాకు మొదటగా సోడా, ఎనర్జీ డ్రింకులను తీసేసే అనుమతి వచ్చింది. 2026 జనవరి 1 నుంచి నెబ్రాస్కాతో పాటు ఇండియానా, ఐయోవా, యూటా, వెస్ట్ వర్జీనియాల్లో ఆంక్షలు మొదలయ్యాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో తీపి పానీయాలు, మిఠాయి చాక్లెట్ల మీద ఆంక్షకు 2026 ఏప్రిల్ 1 తేదీ పెట్టారు. అందుకని షికాగోలో ఉండే చెల్లెలు చెప్పిన మాట డల్లాస్‌లో ఉండే అక్కకు పనికిరాకపోవచ్చు. పిల్లలకు రూహ్ అఫ్జా కలిపిచ్చేవాళ్లు కూడా తమ రాష్ట్రం జాబితా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక అసలు ప్రమాదం చందా దగ్గర ఉంది. ఐదు కుటుంబాలు దావత్ అనుకుంటాయి. ఒకరు "మటన్ నా కార్డు మీద తెచ్చేస్తా భాయ్, మీరు తలా 20 డాలర్లు నా చేతికివ్వండి" అంటారు. వినడానికి సాయంలాగే ఉంటుంది. చట్టం దృష్టిలో మాత్రం అది స్నాప్ సొమ్మును నగదుగా మార్చుకోవడం. డబ్బు తీసుకునే ఉద్దేశంతో కార్డు మీద కొని అమ్మినా అదే నేరం. తప్పు రుజువైతే మొదటిసారి 12 నెలలు, రెండోసారి 24 నెలలు సాయం ఆగిపోతుంది, మూడోసారి శాశ్వతంగా పోతుంది. 500 డాలర్లు, ఆపైన విలువున్న అమ్మకంలో కోర్టు శిక్ష పడితే మొదటిసారే శాశ్వతం. 100 డాలర్ల కార్డు బ్యాలెన్స్‌కు 50 నగదు ఇస్తామనే దుకాణాలకు కూడా దూరంగా ఉండండి. కుకవుట్‌కు సరైన పద్ధతి వంతులు: ఒకరు మాంసం, ఒకరు నాన్, కార్డు లేనివాళ్లు బొగ్గులు, ప్లేట్లు. ఎవరి చేతిలోంచి ఎవరికీ నగదు వెళ్లకూడదు.

ఈ కార్డు అందరికీ రాదు. హెచ్1బీ, స్టూడెంట్ వీసా, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు అర్హులు కారు. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దలు చాలావరకు ఐదేళ్లు ఆగాలి, 18 ఏళ్లలోపు పిల్లలకు ఆ ఆగడం లేదు. అమెరికాలో పుట్టిన పిల్లలకు అర్హత ఉండొచ్చు, కానీ తల్లిదండ్రుల సంపాదన కూడా లెక్కలోకి వస్తుంది.

చివరగా రెండు చిన్న సంగతులు. తినే మొక్కలు, వాటి విత్తనాలు కూడా కార్డు మీద వస్తాయి. పుదీనా, కొత్తిమీర, గోంగూర కుండీల్లో వేసుకుంటే చట్నీ ఖర్చు తప్పుతుంది. ఈ నెల మిగిలిన డబ్బు వచ్చే నెలకు కలుస్తుంది కాబట్టి పండగ కోసం కొంచెం కొంచెం దాచుకోవచ్చు. తొమ్మిది నెలలు దాటి వాడకుండా ఉంచితే మాత్రం వెనక్కి పోతుంది. ఎంత మిగిలిందో రసీదు కిందే ఉంటుంది.