పిన్‌బాల్ బల్లల రూపకల్పన

పిన్‌బాల్ అనునది నాణెం వేసి ఆడే యంత్రపు ఆట. వాలుగా అమర్చిన బల్లపై దొర్లే ఉక్కు బంతిని ఫ్లిప్పర్లు అనే చిన్న రెక్కలతో పైకి కొడుతూ పాయింట్లు సంపాదించాలి. బంతి ఫ్లిప్పర్ల మధ్య నుండి గాని, పక్క దారుల గుండా గాని కిందికి జారితే ఆ బంతి పోయినట్లే. బంతి పోవడానికి కారణం ఆటగాని పొరపాటా, బల్ల అమరికా అన్నది ఈ యంత్రాల రూపకల్పనలో ప్రధానమైన ప్రశ్న.

చరిత్ర

1931లో గాట్లీబ్ సంస్థ విడుదల చేసిన బాఫిల్ బాల్ వంటి తొలి యంత్రాలకు ఫ్లిప్పర్లు లేవు. బంతిని వదలిన తరువాత బల్లను కుదపడం తప్ప ఆటగాడు చేయగలిగినది లేదు. ఇది జూదమన్న అభిప్రాయం బలపడి, 1942లో మేయర్ లా గార్డియా హయాంలో న్యూయార్క్ నగరం ఈ ఆటను నిషేధించింది. 1947లో అదే సంస్థ తెచ్చిన హంప్టీ డంప్టీ యంత్రంతో విద్యుత్ ఫ్లిప్పర్లు వచ్చాయి. దీనితో ఫలితం చాలావరకు ఆటగాని చేతిలోకి వచ్చింది. అయినా నిషేధం 1976 వరకు కొనసాగింది. ఆ సంవత్సరం రోజర్ షార్ప్ నగర మండలి సభ్యుల ఎదుట, బంతి ఏ దారిన పోతుందో ముందే చెప్పి ఆడి చూపించాడు. ఆ ఒక్క గురిలో అదృష్టం పాలు కూడా ఉన్నదని తరువాత ఆయనే చెప్పాడు.

న్యాయమైన అమరికలు

* టిల్ట్: బల్లను కొద్దిగా కుదపవచ్చును. మితిమీరితే లోపల వేలాడే లోలకం చుట్టూ ఉన్న లోహపు వలయాన్ని తాకి, ఆ బంతితో ఆట ముగుస్తుంది. పలు యంత్రాలు ముందుగా హెచ్చరిక ఇస్తాయి.
* బాల్ సేవ్: ఆట మొదలైన కొద్ది సెకన్లలోనే పోయిన బంతిని యంత్రం తిరిగి ఇస్తుంది.

అన్యాయమైన అమరికలు

* గుంటలో పడిన బంతిని యంత్రమే బయటికి నెట్టినపుడు అది ఫ్లిప్పర్లకు అందకుండా నేరుగా మధ్య సందులోకి పోవడం.
* గురి తప్పకుండా కొట్టినా, లక్ష్యాన్ని తాకిన బంతి తరచుగా పక్క దారిలోకే మళ్ళడం.
* ఒకే లక్ష్యానికి అధిక పాయింట్లు ఇవ్వడం వలన మిగిలినవి నిరర్థకం కావడం.

అదృష్టం పాత్ర

అదృష్టానికి చోటు ఉన్నంత మాత్రాన బల్ల అన్యాయమైనది కాదు. 1992లో ప్యాట్ లాలర్ రూపొందించిన ది ఆడమ్స్ ఫ్యామిలీ బల్లలో అడుగున ఉన్న అయస్కాంతాలు బంతిని ఊహించని వైపు లాగుతాయి. అయినా ఆ యంత్రాలు 20,000కు పైగా అమ్ముడుపోయాయి. దారి మళ్ళిన బంతిని తిరిగి అందుకొనే అవకాశం ఆటగానికి మిగిలి ఉన్నదా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి.

నిర్వహణ కూడా ముఖ్యమే. బల్ల ఒక పక్కకు ఒరిగినా, ఫ్లిప్పర్లు బలహీనపడినా చక్కని రూపకల్పన సైతం ఆటగానికి అన్యాయం చేస్తుంది.