తూకం ఎవరి చేతిలో?

పాతకాలపు కొట్లలో వ్యాపారం ఎలా ఉందో చెప్పడానికి రెండు పుస్తకాలు చాలేవి. రోజువారీ జమాఖర్చులు చిట్టాకెక్కేవి, ఎవరి పేరిట ఎంత బాకీ ఉందో ఆవర్జాలో తేలేది. లాభం కన్నా పెద్ద కొలత పరపతి. అది ఏ పుస్తకంలోనూ ఉండదు. కబురంపితే సరుకు వస్తుందా, రాదా? అంతే.

స్వాతంత్ర్యం తర్వాత తూకం సర్కారు చేతికి వెళ్లింది. 1955లో చిన్న పరిశ్రమకు హద్దు గీశారు: స్థిర పెట్టుబడి 5 లక్షల లోపు, కరెంటు వాడితే పనివాళ్లు 50 లోపు, వాడకపోతే 100 లోపు. ఎంత ఉందన్నదే లెక్క, ఎలా నడుస్తోందన్నది కాదు. హద్దు దాటితే రాయితీలు పోతాయని ఒకే యూనిట్‌ను అన్నదమ్ముల పేర రెండుగా చూపించే తెలివి ఆ లెక్కలోంచే పుట్టింది.

మనిషిని కొలిచే ప్రయత్నం మాత్రం మన కాకినాడ వ్యాపారుల మీద జరిగింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం వాళ్లను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కు రప్పించి శిక్షణ ఇచ్చింది. బొమ్మలు చూపించి కథలు రాయించారు, సాధించాలన్న తపన ఆ కథల్లో ఎంతుందో లెక్కగట్టారు. తిరిగి వెళ్లాక ఎన్ని గంటలు పనిచేస్తున్నారు, కొత్తగా ఎంత పెట్టారు, ఎందరికి పని ఇచ్చారు అని ఆరా తీశారు. శిక్షణ పొందనివారి కన్నా వీళ్లు చురుగ్గా కదిలారు. కులం, పాత ఆచారాలు ఇందుకు అడ్డు రాలేదని కూడా తేలింది. సంప్రదాయమే మన వెనుకబాటుకు మూలమనే పండితులకు అది చేదు మాత్రే. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో మెక్లెలాండ్ తెచ్చిన పుస్తకంలో ఇదంతా ఉంది. అయితే కార్ఖానా వెనక తూములోంచి పోయే నీళ్ల సంగతి ఆ లెక్కల్లోనూ లేదు.

ఆ సంగతి 1974 నీటి కాలుష్య చట్టంతో మొదలై, ఫ్యాక్టరీల వ్యర్థాలతో పటాన్‌చెరు చెరువులు పాడయ్యాక అందరి నోటికీ ఎక్కింది. లోపమూ కాలుష్యమూ లేని తయారీకి సర్టిఫికెట్లిచ్చే ‘జెడ్’ పథకం 2016లో వచ్చింది.

ఇప్పుడు తూకం కొనుగోలుదారు చేతిలో ఉంది. 2021లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీలకు వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక విధించింది. దాంతో కరెంటెంత, నీళ్లెన్ని అన్న ప్రశ్నలు సరుకిచ్చే చిన్న యూనిట్ల దాకా దిగుతున్నాయి. చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోపు సొమ్ము చెల్లించాలని 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం చెబుతున్నా, ఆ ప్రశ్నలడిగేవాళ్లే బిల్లులు నెలల తరబడి నానబెట్టడం మామూలే. 2023లో సెబీ ఆ నివేదికకు చేర్చిన ముఖ్య కొలతల్లో ఒకటి ఇదే: కంపెనీ తన బాకీలు తీర్చడానికి ఎన్ని రోజులు తీసుకుంటోంది? ఆవర్జా రాసిన గుమాస్తాకు ఈ లెక్క కొత్తదేమీ కాదు.