ముప్పై వేల పౌండ్లున్నా సొంత గడప లేదు

జేన్ ఆస్టెన్ నవలలంటే మన దగ్గర చాలామందికి పెళ్ళి సంబంధాల కథలే. ఇంగ్లండ్‌లో స్థిరపడి, ఆ కాలపు చట్టాలు తెలుసుకుంటున్నకొద్దీ వాటిలో నాకు మరో ప్రశ్న కనిపిస్తోంది: తల్లిదండ్రులు లేని, డబ్బున్న ఆడపిల్ల పెళ్ళయ్యేదాకా ఎవరి పంచన ఉండాలి?

‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813)లో జార్జియానా డార్సీకి 30,000 పౌండ్ల ఆస్తి ఉంది. ఐదు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 1,500. ఐదుగురు కూతుళ్ళ తండ్రి బెన్నెట్ గారికి ఎస్టేటు మొత్తంమీద వచ్చేదే 2,000! అయినా ఆమె ఎక్కడ ఉండాలో తేల్చేది సంరక్షకులైన అన్నగారూ, మేనమామ కొడుకూ. బడి మాన్పించి, లండన్‌లో విడిగా కాపురం పెట్టించి, మిసెస్ యంగ్ అనే ఆవిడని తోడుంచారు. ఆవిడే వికమ్ అనే యువకుడితో కుమ్మక్కై పిల్లని రామ్స్‌గేట్ సముద్రతీరానికి తీసుకెళ్ళింది. పదిహేనేళ్ళ పిల్ల అతనితో లేచిపోవడానికి ఒప్పుకుంది. సమయానికి అన్న వచ్చాడు కాబట్టి సరిపోయింది. ముందే ఒప్పందం రాయించుకోకపోతే పెళ్ళితో భార్య డబ్బు భర్త చేతికి పోయే రోజులవి. వికమ్ కన్ను దానిమీదే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ (1814)లోని మేరీ క్రాఫర్డ్. పెంచిన ఆవిడ, తండ్రి సోదరుడి భార్య, చనిపోయింది. ఆ ఇంటి పెద్ద, నౌకాదళంలో అడ్మిరల్, తన ఉంపుడుగత్తెను అదే ఇంట్లో తెచ్చి పెట్టాడు. మేరీ ఇక అక్కడ ఉండలేదు. నార్ఫక్‌లోని నీ ఇంట్లో ఇద్దరం ఉందామని సోదరుణ్ణి అడిగింది. పల్లెటూళ్ళో కట్టుబడి ఉండటం అతనికి ఇష్టం లేదు. చివరికి తల్లి మొదటి పెళ్ళి సంతానమైన అక్కగారింటికి, ఆమె భర్త అయిన మతగురువు ఇంటికి చేరింది. చేతిలో 20,000 పౌండ్లున్న మనిషి!

ఆ కాలంలో కూడా ఇరవై ఒక్కేళ్ళు నిండిన అవివాహితకి చట్టం అడ్డుకాదు. ఆస్తి కొనుక్కోవచ్చు, ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. అడ్డుపడింది లోకం. 1972లో జార్జెట్ హేయర్ ఆ కాలాన్నే తీసుకుని ‘లేడీ ఆఫ్ క్వాలిటీ’ రాస్తూ, బాత్ నగరంలో సొంతంగా ఇల్లు పెట్టుకున్న ఇరవై తొమ్మిదేళ్ళ ఆనిస్ విచ్‌వుడ్‌కి కూడా వయసు మళ్ళిన ఒక బంధువుని తోడు పెట్టక తప్పలేదు.

ఈ నవలలు మళ్ళీ తెరిచినప్పుడు కథానాయికలతోపాటు ఆ పక్కన కూర్చున్న తోడు మనిషిని కూడా గమనించండి. ఆమెకు జీతం ఎవరిస్తున్నారో చూడండి.