రిజిస్టర్‌కెక్కని గాయం

రాత్రి పదకొండు దాటింది. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ. గోడవార ఇనుప బెంచీ మీద మీరు కూర్చున్నారు. పక్కన ముప్పై అయిదేళ్ల మనిషి. చొక్కా వేసుకోలేక భుజాల మీద తడి తువ్వాలు కప్పుకున్నాడు. ఫోన్ మోగినప్పుడల్లా పేరు చూసి, మోత ఆపి, తొడ మీద బోర్లా పెడుతున్నాడు.

పిలుపు వచ్చింది. అతను లేవలేకపోతున్నాడు. మోచేయి పట్టుకుని మీరే లోపలికి తీసుకెళ్లారు.

"ఏమైంది?" అడిగింది డ్యూటీ డాక్టరమ్మ.

"బాత్రూంల జారిపడ్డ మేడమ్. బకెట్ల వేడినీళ్లు మీద పడ్డయ్."

ఆమె తువ్వాలు తీసింది. ఎడమ భుజం నుంచి నడుము దాకా చర్మం ఎర్రగా కమిలి, బొబ్బలెక్కింది. ఎవరో వెనక నిలబడి పోస్తే తప్ప నీళ్లు అలా పైనుంచి కిందికి ధార కట్టవు. తర్వాత ఆమె అతని చేతులు తిప్పి చూసింది. రెండు ముంజేతులకీ చిటికెనవేలి వైపు అంచున కమిలిన మచ్చలు. కొన్ని నీలంగా ఉన్నాయి, కొన్ని పసుపుపచ్చకు తిరిగాయి. అంటే ఇది ఒక్క రాత్రి దెబ్బ కాదు. ముఖం మీదికి వచ్చే దెబ్బకు చేతులు అడ్డం పెట్టినవాళ్లకు గాయాలయ్యే చోటు అది. మొగుడి చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ల చేతుల మీద ఆమె ఎన్నోసార్లు చూసిన గుర్తులే ఇవి.

తెర లాగి, గొంతు తగ్గించి అడిగింది. "ఎవరు కొట్టారు?"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "మా ఇంటామె."

మెడికో లీగల్ కేసు రాసుకోవడానికి ఔట్‌పోస్ట్ కానిస్టేబుల్ వచ్చాడు. మాట వినగానే అతని మూతి నవ్వుతో వంకర తిరిగింది. వార్డుబాయ్ పైకే నవ్వేశాడు. "ఆడమనిషి చేతుల దెబ్బలు తిన్ననని రాయిస్తవా తమ్మీ? మొగోళ్లకు చట్టం లేదు. ఇంటికి పోయి సర్దుకో," అన్నాడు కానిస్టేబుల్.

ఆ నవ్వు మీకు కొత్త కాదు. అప్పడాలకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెళ్లాం, నుదుటి మీద బొప్పితో మొగుడు: వారపత్రికల కార్టూన్లలో, సినిమాల కామెడీ ట్రాకుల్లో తరాలుగా చూసి నవ్వుకున్నదే. ఇప్పుడా వీపు మీకు అడుగు దూరంలో ఉంది. నర్సు తెల్లటి మలాం రాస్తుంటే అతను మంచం ఊచను పిడికిలితో బిగించి పట్టుకున్నాడు.

కానిస్టేబుల్ చెప్పినదాంట్లో సగమే నిజం. 2005 నాటి గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు స్త్రీలకే ఉంది. 181 హెల్ప్‌లైనూ వాళ్లదే. అయితే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో గాయపడ్డ మనిషి ఆడా మగా అన్న తేడా లేదు. నిప్పుతో గానీ, కాగిన పదార్థంతో గానీ కావాలని గాయపరిస్తే 118వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఈ వీపు ఆ సెక్షన్ కిందికే వస్తుంది.

"కేసు అతనిష్టం," అంది డాక్టరమ్మ. "గాయం ఎట్లా అయిందో రాయడం నా పని. మీరూ రాసుకోండి."

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు. అక్క. ఆమె మాటలు మీకూ వినబడుతున్నాయి. "ఎవ్వరికీ చెప్పకురా. రేపు పిల్లకు సంబంధాలొచ్చే కాడ మాటొస్తది." అతను ఫోన్ పెట్టేసి మీ వైపు తిరిగాడు. "కేసంటే ఆమె ఉల్టా కేసు పెడుతదన్నా. బిడ్డను సూడనియ్యదు."

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 29 మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస చూసినవాళ్లే. ఈ దేశంలో ఇంటి హింస భారం ఎక్కువగా మోస్తున్నది వాళ్లే, అందులో సందేహం లేదు. అదే సర్వేలో, భర్త కొట్టకపోయినా తామే చేయిచేసుకున్నామని సుమారు 4 శాతం ఆడవాళ్లు చెప్పారు. ఆ దెబ్బలు తిన్న మగవాళ్లను మాత్రం నీకేమైందని సర్వే అడగలేదు. సర్వేవాళ్లు ఈయన తలుపు తట్టినా ఆ ప్రశ్న వచ్చేది కాదు.

మగాడంటే కొట్టేవాడే అన్న నమ్మకం ఆడదానికి ఓర్చుకొమ్మని చెబుతుంది. దెబ్బ తిన్న మగాణ్ణి చూసి నవ్వేదీ అదే నమ్మకం. ఒకరి గాయం రాసినంత మాత్రాన ఇంకొకరి గాయం చిన్నదైపోదు.

డాక్టరమ్మ ఓపీ చీటీ మీద అత్యవసర నంబరు 112, దాని కింద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసింది. కలం పక్కన పెట్టి అడిగింది. "ఈ రాత్రి ఇంటికి పోవాలంటే భయంగా ఉందా?"

అతను తలూపాడు. అప్పటిదాకా లేని కన్నీళ్లు ఆ ప్రశ్నకు వచ్చాయి.

దెబ్బ తిన్న మనిషిని ముందుగా అడగాల్సినవి ఈ రెండే: ఎవరు కొట్టారు, ఇంటికి వెళ్లాలంటే భయమా. ఆడవాళ్లను ఇలా అడగాలని ఈ సమాజానికి ఆడవాళ్లే పోరాడి నేర్పారు, దానికి తరాలు పట్టింది. వాళ్లు నేర్పిన ఆ ప్రశ్నలే మగవాళ్లనూ అడగడానికి ఇంకో తరం దాకా ఆగనక్కర్లేదు. ఠాణాలో, ఆసుపత్రిలో, సర్వేలో, మన ఇళ్లలో ఈ రాత్రి నుంచే అడగొచ్చు.