నీళ్లమీద మోటారు సైకిలు

మోటారు సైకిలు మీంచి పడ్డవాడు ముందు ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తాడు. తరవాత మోచెయ్యి చూసుకుంటాడు. అమెరికాలో క్లేటన్ జేకబ్సన్ అనే పందేల రౌతు మాత్రం ఇంకొంచెం ముందుకెళ్లాడు. ఇదే బండి నీళ్లమీద నడిస్తే, పడ్డా ఒళ్లు చీరుకుపోదు గదా అనుకున్నాడు. అనుకుని ఊరుకోక, ఉద్యోగం వదిలేసి 1965లో అల్యూమినియంతో తొలి నమూనా చేశాడు. వదిలింది బ్యాంకు ఉద్యోగం సుమండీ! ఇంట్లో ఏం గొడవ జరిగిందో మనం ఊహించుకోవలసిందే.

1968లో కెనడాలో మంచుబళ్లు చేసే బొంబార్డియర్ కంపెనీ, కూర్చుని నడిపే బండిని ‘సీ-డూ’ పేరుతో తెచ్చింది. రెండు మూడేళ్లకే ఆపేసింది. మళ్లీ 1988లో గాని తలపెట్టలేదు. ఈలోగా జపాను కవాసాకీ వాళ్లు 1973లో నిలబడి నడిపే ‘జెట్ స్కీ’ని అమ్మకానికి పెట్టారు. పెద్దది కాదు, 400 సీసీ ఇంజను. అడుగున నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మే పంపు. బయట తిరిగే రెక్కల్లేవు గనక కాళ్లు తెగే భయం లేదు. మనిషి పడిపోతే బండి పారిపోకుండా అక్కడక్కడే మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉండేది. నాకు దానిమీద ప్రేమ కలిగింది అక్కడే.

ఇప్పుడా పాతబళ్లను షెడ్లలో పెట్టుకుని పెంచేవాళ్లున్నారు. మా మేనల్లుడి పొరుగింటాయన ఒకడు. “మామయ్యా, ఆయన శనివారం మొత్తం దానికే ఇచ్చేశాడు” అంటాడు వాడు. ఇవ్వక తప్పదు. ఉప్పునీళ్లలో తిప్పితే ఇంటికి రాగానే ఇంజనుకు మంచినీళ్లు పట్టాలి. దానికో వరసుంది. ముందు ఇంజను స్టార్టు చెయ్యాలి, తరవాత కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తరవాత ఇంజను. తారుమారైతే నీళ్లు పొగగొట్టం దారిన సిలిండర్లోకి పోతాయి. ఇక పెట్రోలు గొట్టాల సంగతి. 1990ల నాటి కొన్ని బళ్లలో బూడిదరంగు గొట్టాలు లోలోపల పాడై, పచ్చటి జిగురు కార్బురేటర్ జల్లెడకు అడ్డం పడుతుంది. పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కి మాడుతుంది. పది రూపాయల జబ్బు ప్రాణంమీదికి తేవడమంటే ఇదే. మన జాలర్లు ఒడ్డుకు రాగానే తెప్ప కట్లు విప్పి దుంగలు ఆరబెడతారు చూశారా, ఆ ఓపికే ఇక్కడా కావాలి.

అయితే పాత రెండు స్ట్రోకుల ఇంజను, మన పాత స్కూటర్లలాగే, ఆయిలు కలిపిన పెట్రోలు తాగి, అందులో పావువంతు దాకా కాలకుండానే బయటికి వదులుతుంది. స్కూటరు గాలిలోకి వదిలేది. ఇది తాగే నీళ్లలోకి. అందుకే కాలిఫోర్నియా, నెవాడాల నడుమనున్న టాహో సరస్సులో 1999 నుంచి కార్బురేటర్ ఉన్న ఇలాంటి బళ్లను రానివ్వడం మానేశారు. 2002 నాటికి నాలుగు స్ట్రోకులవి అంగళ్లలోకొచ్చాయి. ఆ సరస్సు అడుగు కనబడేటంత తేట అని పేరు. అక్కడివాళ్లు చేసింది సబబే అంటాను. పొరుగింటాయన మాత్రం ఒప్పుకోడు. నిషేధం లేని చెరువు వెతుక్కుని, ట్రెయిలరు మీద ఆ పాతబండిని వేసుకుని, వంద మైళ్లు పోయొస్తాడట.