తాతగారి పెట్టె, అబ్బాయి పియానో

బరంపురంలో మా తాతగారు పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. 1940లో ఆలిండియా రేడియో ఆ పెట్టెను నిషేధించింది, బిగిసిన మెట్ల మీద గమకం పలకదని. నాటకాలవాళ్ళు మాత్రం వదల్లేదు లెండి.

మొన్న మా అబ్బాయి ఇంట్లో పాటలు కట్టడానికి పియానో ప్లగిన్ వెతుకుతుంటే అదే తగువు మళ్ళీ వచ్చింది. అసలు పియానోను రికార్డు చేసిన శాంపిల్ రకాల్లో నాదం నిండుగా ఉంటుంది గానీ, పెద్దవైతే పదుల జీబీలు తింటాయి. 2006లో వచ్చిన పియానోటెక్ తీగ కదలికను లెక్కగట్టి మోగిస్తుంది, పదుల ఎంబీలే. పైగా దాని స్టాండర్డ్ రకంలో మెట్టు మెట్టుకీ శ్రుతి మార్చుకోవచ్చు. అందుకే అదే కొన్నాడు. గాంధారాన్ని 14 సెంట్లు దించి మోహన వాయించాడు.

మా అత్తయ్య విని, "శ్రుతి కుదిరింది గానీ గమకం ఏదిరా?" అంది.

ఇప్పుడు పిచ్ వీల్ తిప్పడం నేర్చుకుంటున్నాడు.